నీరు పల్లమెరుగును

(మూసీ పరీవాహక ప్రాంతమునందలి యొక పఠనమందిరపు వార్షిక సభలో ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



పఠనమందిరమున వకీలు మాటాడుటకు లేచినచో, ఏ చట్టమును గూర్చియో, ఏ తీర్పును గూర్చియో వినవలసివచ్చునని శ్రోతలు భయపడుదురు. నేడు నేను మాటాడదలచినది నీటిని గూర్చి. వర్షము ఎక్కడినుండి వచ్చును? కురిసిన నీరు ఎటు పోవును? పోవలసిన చోటికి పోక మన యిండ్లలోనికి ఏల వచ్చును? ఈ మూడే నా ప్రశ్నలు. నేను శాస్త్రజ్ఞుడను గాను, ఇంజనీరును గాను. అయినను ఈ విషయమును నేనెత్తికొనుటకు కారణము కలదు. దానిని మొదటనే మనవి చేసెదను.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీని హైదరాబాదు నగరముపై కురిసిన వాన మీలో ననేకులకు జ్ఞాపకముండును. నగరపు పొలిమేరలలో కొన్నిచోట్ల ఒక్క దినమున 30 సెంటీమీటర్లకు మించిన వర్షము పడినది. మరునాడు తెల్లవారుజామున మా సేవాదళమువారము మోకులును, రబ్బరు పడవ యొకటియు తీసికొని పల్లపు పేటలకు పోతిమి. ఒక చిన్నయింటి మిద్దెమీద ఒక వృద్ధురాలు మనుమరాలిని ఒడిలో నుంచుకొని తడిసిన దుప్పటి కప్పుకొని కూర్చుండియుండెను. ఆమెను దింపి పడవలో కూర్చుండబెట్టితిమి. ఆమె ఏడువలేదు, ఎవ్వరిని తిట్టలేదు. నా మొగము చూచి ఒక్క మాట అడిగినది: "బిడ్డా, మూసీ మాకు మస్తు దూరం గదా! ఈ నీళ్లు యాడికెల్లి వచ్చినయి?"

నేను బదులు చెప్పలేకపోతిని. ఎందుచేత చెప్పలేకపోతినో యీ యుపన్యాసము ముగియులోపల మీకు విన్నవించెదను. ముందుగా ఆమె ప్రశ్నకు బదులు వెదకుదము.

ఆ నీరు సముద్రమునుండి వచ్చినది. ఆ నాటి ఉదయముననే బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాటి పడమరగా తెలంగాణముమీదికి సాగినది. అది మోసికొనివచ్చిన ఆవిరియే మన వీధులలో వరదయైనది. భూమిమీదనున్న నీటిలో నూటికి 97 పాళ్లు సముద్రపు ఉప్పునీరు. మిగిలిన మూడు పాళ్లలో అధికభాగము ధ్రువములయందును మంచుకొండలయందును గడ్డకట్టియున్నది. సూర్యుని వేడిమికి సముద్రము ఉప్పును తనయొద్దనే యుంచుకొని, మంచినీటిని మాత్రము ఆవిరిగా పైకి పంపును. ఆ ఆవిరి చల్లబడి మేఘమగును, మేఘము వానయగును, వాన యేరగును, ఏరు మరల సముద్రమున చేరును. ఇది మనము బడిలో చదివిన పాఠమే. అయితే ఆ పాఠములో మనకు చెప్పని లెక్కలు కొన్ని కలవు.

ఏ క్షణమందైనను ప్రపంచపు ఆకాశమంతట ఆవిరిరూపమున నుండు నీరు ఎంతయనుకొందురు? అది యంతయు ఒక్కసారిగా కురిసి భూమిమీద సమముగా పరచుకొన్నచో దాని లోతు సుమారు 25 మిల్లీమీటర్లు, అనగా ఒక్క అంగుళము. అంతే. ఆవిరియైన బొట్టు సగటున తొమ్మిది దినములకు మరల క్రిందికి దిగును. కొద్దిపాటి మూలధనమును వేగముగా త్రిప్పి పెద్ద వ్యాపారము చేయు వర్తకునివలె, ప్రకృతి యీ అంగుళమును మరల మరల త్రిప్పి ప్రపంచమునకంతకు నీరు పోయుచున్నది. మరి ఒక్కచోట ఒక్కదినమున పన్నెండంగుళములు ఎట్లు కురియును? గాలి దూరదేశపు ఆవిరిని వరుసగా లాగికొనివచ్చి ఒక్కచోట గుమ్మరించుటచేత. గాలి వేడెక్కినకొలది ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడిమి పెరిగినచో నూటికి ఏడుపాళ్లు ఎక్కువగా మోయును. భూమి వేడెక్కుచున్న యీ కాలమున గుమ్మరించు కుండ పెద్దదగుచున్నదన్నమాట.

ఇక కురిసిన నీటి లెక్క. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో అది యొక కోటి లీటర్లు. ఈ యొక్క లెక్కను మనస్సున నుంచుకొనుడు. దీనితో తక్కినవన్నియు తేలును.

పడిన బొట్టునకు త్రోవలు మూడు. చెట్టు ఆకులనుండియు తడినేలనుండియు మరల ఆవిరియై పైకి పోవుట యొకటి. నేలలో నింకి బావులను ఊటలను నింపుట రెండవది. నేలమీద పారి వాగులో బడుట మూడవది. అడవియు, బీడును, దున్నిన చేనును ఉన్నచోట మొదటి రెండు త్రోవలకు అధికభాగము పోవును. మూడవదానికి మిగిలినది మెల్లగా గంటలు, దినములు తీసికొని వాగు చేరును. అదే నేలను రాతితోను, సిమెంటుతోను, తారుతోను కప్పినప్పుడు మొదటి రెండు త్రోవలును మూతపడును. నీరంతయు మూడవ త్రోవను పట్టును; పట్టి దినములలో రావలసినది నిమిషములలో వచ్చును. వాన అంతే, వరద మాత్రము వేరు. వరద ఆకాశమున పుట్టదు, నేలమీద పుట్టును. ఇది నేను నేడు చెప్పదలచిన మొదటి మాట.

రెండవమాట ఏమనగా, నది యనగా మనము వంతెనమీదినుండి చూచు నీటిగీత గాదు. పెంకుటింటి కొప్పున పడిన చినుకు ఇటు చూరునకో అటు చూరునకో జారును గదా! భూమికిని అట్లే కొప్పులు కలవు. ఒక కొప్పునకు ఇవతల పడిన నీరంతయు ఏ యేటిలో చేరునో ఆ నేల యంతయు ఆ యేటి పరీవాహక ప్రాంతము. కొప్పు ఎక్కడనో, నది అక్కడనుండి.

మన మూసీనే చూడుడు. వికారాబాదు చేరువనున్న అనంతగిరి కొండలు దాని పుట్టినిల్లు. ఆ కొండలకు తూర్పున పడిన బొట్టు మూసీయగును. పడమర పడినది కాగ్నా యేరై తాండూరు మీదుగా పోయి భీమానదిలో కలియును. భీమ కృష్ణలో కలియును. ఒక్క మేఘమున పుట్టి, ఒక్క కొండపై మూరెడు దూరమున పడిన రెండు బొట్లలో ఒకటి హైదరాబాదు చూచివచ్చును. రెండవది శ్రీశైలము, నాగార్జునసాగరము దాటివచ్చును. నల్లగొండసీమలో వాడపల్లియొద్ద, మూసీ కృష్ణలో కలియుచోట, ఆ రెండును మరల కలిసికొనును. అక్కడనుండి విజయవాడ మీదుగా హంసలదీవియొద్ద సముద్రము చేరును. కృష్ణా పరీవాహక ప్రాంతము 2,58,948 చదరపు కిలోమీటర్లు. అంత నేలమీద ఎవడు ఏ వాగును పూడ్చినను, ఏ అడవిని నరికినను, దాని జమాఖర్చు క్రిందివారి ముంగిటనే తేలును.

మూసీ నగరము చొచ్చుటకు ముందు ఈసా యేరు దానిలో కలియును. ఆ సంగమముననే మహాత్ముని చితాభస్మము కలిపిరి. అది నేటి బాపూఘాటు. మనము దానిని పుణ్యస్థలముగా నెంచుదుము. అక్కడికి వచ్చు రెండు యేరులును ఏయే ఊళ్ల నీటిని మోసికొనివచ్చునో మాత్రము తెలిసికొనము.

మన పెద్దలకు తెలియును. సప్తసంతానములలో తటాకమునొకటిగా నెంచిన జాతి మనది. కడపజిల్లా పోరుమామిళ్ల చెరువు కట్టమీద 1369వ సంవత్సరపు శిలాశాసనమొకటి కలదు. మంచి చెరువునకుండవలసిన అంగములు పండ్రెండును, ఉండరాని దోషములారును అందు చెక్కబడియున్నవి. కొలది నీటికి విస్తారమైన నేల యెట్లు దోషమో, కొలది నేలకు మిక్కిలి నీరును అట్లే దోషమని ఆ శాసనకర్త యెరుగును. ఇది ఆరున్నర శతాబ్దములనాటి మాట!

తెలంగాణపు నేల ఎగుడుదిగుళ్లు గలది. నిరంతరము పారు నదులు తక్కువ. కావున మనవారు ప్రతి వాగును మెట్టుమెట్టుగా నిలిపి గొలుసుకట్టు చెరువులు కట్టిరి. పైచెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు కాలువబట్టి క్రిందిచెరువునకు పోవును. అది నిండినచో దాని క్రిందిదానికి. తూము ఆయకట్టు కొరకు. అలుగు పొరుగూరి కొరకు. ఏ యూరును నీటిని తానే యుంచుకొనదు, ఏ యూరును నీటిని తరిమివేయదు. రాత్రి వాన మొదలైనచో నీరటికాడు లాంతరు పట్టుకొని కట్టమీదికి పోవును. ఈ యేర్పాటు వరిమళ్ల కొరకేయని మనమనుకొందుము. వరదను ముక్కలు చేసి, ఊరికింతయని పంచిపెట్టి, ఆలస్యముగా నదికి చేర్చు యేర్పాటును ఇదియే.

ఈ గొలుసు తెగినచో ఏమగునో 1908వ సంవత్సరము చెప్పినది. ఆ సెప్టెంబరు చివర శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వాన పడినది. నగరమునకెగువ మూసీ పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్లు. అందు చెరువులు 788. ఇంచుమించు చదరపు మైలునకొకటి. వానిలో 221 చెరువులు తెగినవి. పైచెరువు తెగి దాని నీరంతయు క్రిందిచెరువుపై పడును. అప్పటికే నిండియున్న ఆ కట్ట ఆ దెబ్బకు నిలువజాలదు. అదియు తెగి మూడవదానిపై పడును. ఇట్లు మెట్టుమెట్టుగా దిగవలసిన నీరు మేడమీదినుండి పడినట్లు వచ్చి సెప్టెంబరు 28వ తేదీని నగరముపై విరుచుకుపడెను. ఆ పూట నది సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీటిని మోసినదని తరువాత లెక్క తేల్చిరి. పోయిన ప్రాణములు సుమారు 15,000 అని అంచనా. అఫ్జల్‌గంజు వైద్యశాల ఆవరణలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని కలదు. వీలైనచో మీ పిల్లలను తీసికొనిపోయి చూపుడు.

నిజాము ప్రభుత్వము పిలిపింపగా మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు వచ్చి చేసిన పరిశోధన మనకు ముఖ్యము. నగరమునకు వరదనుండి రక్షణ నగరములోనే లేదని వారు కనుగొనిరి. ఒడ్డున గోడలు కట్టుటతో తృప్తిపడక, ఎగువనే నీటినాపుమని చెప్పిరి. దానిఫలముగా మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసాపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను అణచుటకై పుట్టిన ఆ జలాశయములే తరువాత అనేక దశాబ్దములు నగరపు దాహము తీర్చినవి. శత్రువుగా వచ్చినదానిని ఎగువనే నిలిపి మిత్రునిగా చేసికొనుట యనగా ఇదియే.

అయితే ఇక్కడ తొందరపడి, రెండు సాగరములుండగా మనకేమి భయమని అనుకొనరాదు. ఇందాకటి లెక్కను తీయుడు. నగరమునకెగువనున్న సుమారు 2,200 చదరపు కిలోమీటర్లపై 15 సెంటీమీటర్ల వాన పడినదనుకొందము. అది 33,000 కోట్ల లీటర్లు. ఇంజనీర్ల భాషలో పదునొకండున్నర టీ.ఎం.సీ.లు. ఆ రెండు సాగరములు ఒట్టిపోయియున్నప్పుడు నింపినను పట్టునది ఏడు టీ.ఎం.సీ.లకు లోపే. వానాకాలపు చివర అవి ఒట్టిపోయియుండవు గదా! మిగిలిన నీటిని త్రాగవలసినది నేల, నిలుపవలసినవి చెరువులు, కుంటలు, దింపవలసినవి కాలువలు. అవి లేనిచో గేట్లు ఎత్తవలసినదే; ఎత్తినచో ఆ నీరు నగరము నడుమనుండి పోవలసినదే.

ఇంకొకటి. ఆ సాగరములు ఆపునది నగరమునకు పైన పడిన వానను. నగరముపైననే పడిన వాన సంగతి యేమి? 2000వ సంవత్సరము ఆగస్టులో నగరముపై ఒక్కదినమున సుమారు 24 సెంటీమీటర్లు పడినది. 2020లో కొన్నిచోట్ల అంతకంటె అధికముగా పడినది. ఆ నీటిని దింపవలసినవి నగరము లోపలి చెరువులును వానిని కలుపు నాలాలును. శంషాబాదు దారిలో గగన్‌పహాడుయొద్ద అప్పచెరువు ఆ రాత్రి తెగి బెంగుళూరు రాజమార్గముపై ప్రవహించినది. కొన్ని దినములకే బాలాపూరు గుఱ్ఱంచెరువు కట్ట తెగి క్రింది పేటలను ముంచినది. నూటపన్నెండేండ్ల క్రిందటి కథయే చిన్న అక్షరములతో మరల వ్రాయబడినది.

"చూచితిరా, 1908లోను చెరువులే ముంచినవి, 2020లోను చెరువులే ముంచినవి, చెరువులను పూడ్చి పీడ వదిలించుకొనుటయే మేలు గదా" యని యెవరైన అనవచ్చును. ఒక మిత్రుడు నాతో నిజముగనే అనెను. దీనికి బదులు చెప్పవలెను. బలహీనమైన కట్ట అపాయకరమే. అందు సందేహము లేదు. అయితే చెరువును పూడ్చినంతమాత్రమున చెరువులోనికి వచ్చు నీరు రాకమానదు. చెరువు నుండినప్పుడు ఆ నీరు అక్కడ ఆగి అలుగుగుండ పోయెడిది. చెరువు లేనప్పుడు ఆగక, అలుగు లేక, ఏ తలుపు తెరచియుండునో ఆ తలుపుగుండ పోవును. మనకు కావలసినది గట్టి కట్ట, పూడిక తీసిన గర్భము, అడ్డులేని అలుగు, దానిక్రింద తెరపిగల కాలువ. ఈ నాలుగింటిలో ఏ యొకటి లోపించినను చెరువు ముప్పే.

మూసీనీరు చేరు విజయవాడలోను ఇదే పాఠము చూచితిమి. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదట ప్రకాశము బ్యారేజీయొద్ద కృష్ణ సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగుల నీటితో ప్రవహించినది. అయితే సింగునగరమువంటి పేటలను దినముల తరబడి ముంచినది ఆ మహానది గాదు. బుడమేరు అను చిన్నవాగు. సహజముగా కొల్లేటికి పోవు ఆ వాగునుండి వరదనీటిని కొంత కృష్ణకు మళ్లించు కాలువ కలదు. కృష్ణయే నిండియున్నప్పుడు ఆ కాలువనీటిని అది చేకొనజాలదు. గట్లు తెగినవి, ఊరు మునిగినది. పెద్దనది మొగము చూచుచు కూర్చుండువానిని వెనుకనుండి చిన్నవాగు వచ్చి పట్టుకొనును.

ఇక నా మాట. దీనిని చెప్పుటకు నాకు సులభముగా లేదు.

ఆ వృద్ధురాలిని దింపిన పేట నాకు క్రొత్తదికాదు. నేను అంతకుముందు ఒక్కసారి అక్కడికి పోయియుంటిని. అది 2007వ సంవత్సరము ఏప్రిల్ మాసము. అప్పుడక్కడ ఇండ్లు లేవు. పైకుంటనుండి క్రిందిచెరువునకు పోవు కాలువను ఒకరు పూడ్చుచున్నారనియు, కుంటశిఖములో కొంతభాగమును మట్టితో మెరక చేయుచున్నారనియు ఊరివారు దావా వేసిరి. పూడ్చువారి పక్షమున నేను వకీలును. కోర్టు నియమించిన కమిషనరుతో కలిసి ఆ నేలను చూడబోతిని. మండుటెండ. కాలువ అడుగు నెఱ్ఱెలువారియున్నది, తుమ్మచెట్లు మొలచియున్నవి. "ఇందు పదేండ్లుగా నీరు పారిన గుర్తులేదు" అని నివేదికలో వ్రాయించితిని. ఆ మాట అబద్ధముగాదు. ఏప్రిల్ మాసమున చూచినవానికి అంతకంటె వేరు కనబడదు.

ఊరివారి సాక్షి నీరటికాడు. తన చిన్ననాట నీరు వేపచెట్టు మొదలువరకు వచ్చినదని అతడు చెప్పెను. నేను లేచి, ఏ సంవత్సరమున, ఏ మాసమున, ఏ తేదీని అని అడిగితిని. అతడు "పెద్దవాన పడ్డ ఏడు సారూ" అనెను. న్యాయస్థానమున నవ్వులు వినబడినవి. తేదీ చెప్పలేని సాక్ష్యము నిలువదని నేను వాదించితిని, నిలువలేదు. నిజాము కాలపు నక్షాలో ఆ కాలువ రెండుగీతలుగా గీయబడియుండెను, నక్షా పాతది, నేల మారినదని వాదించితిని, అదియు నెగ్గినది. నాకు ఫీజు ముట్టినది. నేలను గజములలెక్కన అమ్మిరి. అమ్మినవారు లాభము తీసికొని వేరుచోట మెరకన మేడలు కట్టుకొనిరి. కొన్నవారు కూలినాలి చేసి, చీటీలు పాడి, బంగారము కుదువబెట్టి కొన్నవారు. ఆ ముసలమ్మ యిల్లు వేపచెట్టునకు ఇవతలనే కలదు. 2020లో నీరు వేపచెట్టును దాటివచ్చినది.

ఆమె నన్నడిగిన ప్రశ్నకు బదులు పదమూడేండ్ల క్రిందటనే నీరటికాడు ప్రమాణముచేసి చెప్పియుండెను. ఆ బదులును కొట్టివేయించినవాడను నేనే. పడవలో నేను నోరు విప్పకుండుటకు అదియే కారణము. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగునని మనవారి సామెత. కోర్టులో తీర్పు పొందితిని గాని, పల్లమును మెరకగా మార్చు తీర్పు ఏ న్యాయమూర్తియు ఈయజాలడు.

చట్టము మనకు లేదా? కలదు. ఎగువ నేలనుండి సహజముగా దిగు నీటిని దిగువ నేలవాడు దిగనీయవలెనని 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టమే చెప్పుచున్నది. చెరువులు, కుంటలు ప్రజల ఉమ్మడి సంపదయనియు, వానిని కాపాడవలసినదేయనియు సర్వోన్నత న్యాయస్థానము 2001లో తీర్పు చెప్పినది. ఉస్మాన్‌సాగర హిమాయత్‌సాగరముల పరీవాహక ప్రాంతమందలి 84 గ్రామములలో కట్టడములను కట్టడిచేయుచు 1996లో 111వ ఉత్తర్వు వెలువడినది. ఆ ఆంక్షలను సడలించుచు 2022లో మరియొక ఉత్తర్వు వెలువడినది. ఉత్తర్వులు వచ్చును, పోవును. చట్టము నిలుచుటకు సాక్షి కావలెను. సాక్షికి జ్ఞాపకము కావలెను. ఆ జ్ఞాపకము నీరటికాండ్రతో పోవుచున్నది. నేను వచ్చిన పని ఇదే.

ఈ పఠనమందిరమువారిని నేను కోరునవి నాలుగు.

మొదటిది: మీ వార్తాపత్రికల బల్లకెదురుగా గోడమీద మీ ప్రాంతపు నక్షా నొకటి వ్రేలాడదీయుడు. అందు చెరువులు, కుంటలు, అలుగులు, కాలువలు, నాలాలు ఉన్నవియు, పూడినవియు వేరువేరు రంగులతో గుర్తింపుడు. రెవెన్యూ కార్యాలయమునుండి పాతనక్షా నకలును దరఖాస్తు పెట్టి పొందవచ్చును. ఆ దరఖాస్తు నేను ఉచితముగా వ్రాసిపెట్టెదను.

రెండవది: మీ యూరి వృద్ధులను, నీరటికాండ్రను, చాకలివారిని, బెస్తవారిని పిలిచి, ఏ యేట నీరు ఎక్కడివరకు వచ్చినదో అడిగి, తేదీవేసి, సంతకముతో వ్రాసి యుంచుడు. నీరు వచ్చిన ఎత్తును రాతిమీదనో గోడమీదనో గీతగా గీయుడు. రేపు ఏ వకీలైనను లేచి "ఏ సంవత్సరమున?" అని అడిగినచో, ఆ గీత బదులు చెప్పవలెను.

మూడవది: ఏటేట రోహిణికార్తెలో, తొలకరికి ముందు, యువకులు పదిమంది కలిసి కాలువవెంట పైచెరువునుండి క్రిందిచెరువువరకు నడచి, అడ్డములను వ్రాసికొని అధికారులకు తెలుపుడు. చెత్త మనము వేసినదే యైనచో మనమే తీయుదము. ప్లాస్టికు సంచులతో మూసికొనిపోయిన తూముకు ప్రభుత్వమును మాత్రమే నిందించుట మర్యాదగాదు.

నాలుగవది: స్థలము కొనబోవు మీ బంధువునకు, దస్తావేజులు చూచుటకు ముందు, వానలో పోయి ఆ నేలను చూడుమని చెప్పుడు. ఏప్రిల్‌లో కొనవద్దు, ఆగస్టులో చూచి కొనుము. ఈ యొక్క సలహాకు నేను పదమూడేండ్లు ఆలస్యముగా అర్హుడనైతిని.

ఇప్పటికే పల్లములో నున్నవారి మాట యేమి? ఇది కఠినమైన ప్రశ్న. దాచిన సొమ్మంతయు పెట్టి కొన్న పేదవానికి వేరొకచోట ఇల్లు చూపక ముందే అతని గోడను పడగొట్టుట అన్యాయము. అక్కడనే యుండుము, భయములేదని ఓట్లకొరకు చెప్పుట అంతకంటె అన్యాయము. మొదట మెరకన ఇల్లు, తరువాత కాలువకు త్రోవ; ఈ వరుస తప్పరాదు. ఖర్చు మాత్రము మునిగినవానిదిగాక, అమ్మి లాభపడినవానిది కావలెను. అందు నావంటివారి వంతును కలదని నేను ఒప్పుకొనుచున్నాను. ఆ పేటవారి పక్షమున ఇప్పుడు నేను నడుపుచున్న వ్యాజ్యములకు ఫీజు తీసికొనుట లేదు. ఇది దానము గాదు, బాకీ తీర్చుట.

నగరము పెరుగవలదా, జనులు ఎక్కడ నుందురని అడుగువారు కలరు. పెరుగవలెను. నీటికి కావలసినది నేలంతయు గాదు. దాని త్రోవయు, అది ఆగుచోటును మాత్రమే. మిగిలిన మెరకనేల మనదే. ఎత్తుపల్లములను చూచి ఊరు కట్టినవారి వంశము మనది. కొలతపరికరములు, ఆకాశమునుండి తీసిన చిత్రములు వారికి లేవు, మనకున్నవి. వారికంటె తక్కువ తెలిసినవారమని చెప్పుకొనుటకు మనకేమి సాకు?

ఆ వృద్ధురాలు నేడు తన కుమారునితో మెరకనున్న అద్దెయింట నున్నది. క్రిందటి వానాకాలమున నేను ఆమెను చూడబోయి, ఆమె యడిగిన ప్రశ్నకు బదులు చెప్పితిని: నీరు సముద్రమునుండి వచ్చినదని, పైకుంట నిండి పాతత్రోవనే పోబోయినదని, ఆ త్రోవను మూయుటకు వాదించినవాడను నేనని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఆ కాలువ మళ్ల తీస్తరా బిడ్డా?" అని మాత్రము అడిగినది.

ఆ ప్రశ్నకు బదులు నా యొక్కనిచేతిలో లేదు. అందుచేతనే దానిని మీ యెదుట నుంచి విరమించుచున్నాను.